టుబ్కాల్ ట్రెక్: రెండు రోజుల లెక్క ఎక్కడ తప్పుతోంది?

మొరాకోలోని మరకేష్ నగరం నుంచి సాగే పర్వత యాత్రల్లో అందరికంటే ముందు వినిపించే పేరు టుబ్కాల్. ఉత్తర ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన ఈ శిఖరం 4,167 మీటర్లు. దీన్ని రెండు పగళ్ళు, ఒక రాత్రిలో ఎక్కి దిగవచ్చని ట్రావెల్ ఏజెన్సీలు చెబుతాయి. అది అబద్ధం కాదు, ఏటా ఎందరో అలాగే ఎక్కి దిగుతున్నారు. అయితే వెళ్ళివచ్చినవారి మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే పొంతన కుదరదు. తాడు ముట్టుకోకుండా నడిచి చేరే కొండ అని కొందరంటారు. శిఖరం కనుచూపు మేరలో ఉండగా తలనొప్పితో, వాంతులతో వెనక్కి తిరిగామని మరికొందరంటారు. జనవరిలో వెళ్ళినవారు అద్దంలా గట్టిపడిన మంచు వాలు గురించి చెబితే, జూన్‌లో వెళ్ళినవారు మంచు ఊసే ఎత్తరు. 2018 తర్వాత వచ్చిన గైడ్ నిబంధన, 2023 నాటి భూకంపం ఈ అయోమయాన్ని మరింత పెంచాయి.

సంక్షిప్తంగా

వేసవిలో టుబ్కాల్ ఎక్కడానికి పర్వతారోహణ శిక్షణ అక్కర్లేదు, శీతాకాలంలో తప్పనిసరి. ఏ కాలంలోనైనా అసలు ఇబ్బంది దారిలో కంటే ఎత్తుకు చేరుకునే వేగంలో ఎక్కువగా ఉంది. ప్రణాళికకు ఒకటి రెండు రాత్రులు కలిపితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. శిఖరానికి వెళ్ళేవారికి అధికారిక గైడ్ తోడు ఉండాలన్న నియమం అమల్లో ఉంది. మే రెండో భాగం నుంచి జూన్ చివరి వరకు, సెప్టెంబరు నుంచి అక్టోబరు వరకు అనువైన కాలం. శీతాకాలం సెలవులు మాత్రమే దొరికేవారికి మొరాకోలోనే మరింత తగిన కొండలు ఉన్నాయి.

కొండల స్వరూపం

మొరాకోను నైరుతి నుంచి ఈశాన్యానికి కోసుకుంటూ పోయే అట్లాస్ పర్వతాల్లో ఎత్తైన వరుసను హై అట్లాస్ అంటారు. ఒకప్పుడు భూమి పైపొర చీలి, కుంగి, సముద్రపు అవక్షేపాలతో నిండిన ప్రాంతమిది. తర్వాతి యుగాల్లో ఆఫ్రికా ఫలకం ఐరోపా వైపు జరుగుతూ ఒత్తిడి పెంచడంతో అదే చీలిక పైకి లేచి పర్వతమైంది. టుబ్కాల్ పరిసరాల్లో మాత్రం అంతకంటే ఎంతో పురాతనమైన అగ్నిపర్వత శిలలు బయటపడి ఉన్నాయి. పగటి ఎండకు కరిగిన మంచు నీరై ఈ రాళ్ళ పగుళ్ళలోకి దిగి, రాత్రి గడ్డకట్టి ఉబ్బి, రాయిని పిడికిలంత ముక్కలుగా విడగొడుతుంది. శిఖరం వాలులన్నీ ఆ ముక్కలతోనే కప్పి ఉంటాయి. రెండడుగులు పైకి వేస్తే ఒక అడుగు కిందికి జారడం ఈ కొండ మీద అందరికీ ఎదురయ్యేదే.

ఇక్కడివారు అమజీగ్ ప్రజలు, మాట్లాడేది తషెల్‌హీత్. ఆ భాషలో రెండు మాటలు తెలిస్తే పటం చదవడం తేలికవుతుంది: తిజి అంటే కనుమ, అజీబ్ అంటే వేసవిలో గొర్రెల కాపరులు ఉండే రాతి గుడిసెలు. టుబ్కాల్‌ను 1923 జూన్ 12న ఫ్రెంచ్ అన్వేషకుడు మార్కీ ద సెగాన్జాక్ బృందం ఎక్కినట్లు రికార్డుల్లో ఉంది. కాపరులు అంతకుముందే ఎక్కి ఉంటారనుకోవడానికి చాలినంత ఆస్కారం ఉంది. రాసిపెట్టినవారికే మొదటి ఆరోహణ దక్కింది. 1942లో ఈ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు.

460 నుంచి 4,167కు, రెండు రోజుల్లో

మరకేష్ సముద్రమట్టానికి సుమారు 460 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి అస్ని మీదుగా 60 కిలోమీటర్లకు కొంచెం పైగా ప్రయాణించి చేరే ఇమ్లిల్ గ్రామం 1,740 మీటర్ల ఎత్తున ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అత్యంత ఎత్తైన జిందగడ శిఖరం కంటే నడక మొదలయ్యే ఈ ఊరే ఎత్తున ఉందంటే, తర్వాత వచ్చేదేమిటో ఊహించవచ్చు. ఇమ్లిల్ దాటాక అక్రోటు చెట్ల మధ్య నుంచి అరూమ్ద్ గ్రామం, రాళ్ళు పరుచుకున్న వెడల్పాటి ఏటి గర్భం, ఆ తర్వాత 2,300 మీటర్ల ఎత్తున సిదీ శమ్‌హరూష్ వస్తాయి. అక్కడ తెల్లసున్నం వేసిన పెద్ద బండ పక్కన ఒక సమాధి క్షేత్రం ఉంది. మనసు చెదిరినవారిని నయం కావాలని తీసుకువచ్చే ఆచారం మన దర్గాలను గుర్తు చేస్తుంది. ముస్లిమేతరులకు లోపలికి ప్రవేశం లేదు, వంతెన ఇవతలి నుంచే చూడాలి. దారి పక్కన దుకాణాల్లో ఏటి నీళ్ళను రబ్బరు గొట్టంతో మళ్ళించి, కూల్‌డ్రింక్ సీసాల మీద సన్నగా చిమ్మేలా పెడతారు. కరెంటు ఫ్రిజ్ లేని చోట అదే చల్లదనం. మొదటి రోజు మధ్యాహ్నం ఆ నీడలో కూర్చున్నవారెవరికీ ఎత్తు సంగతి గుర్తుండదు.

అక్కడి నుంచి కంచరగాడిదల బాట మెలికలు తిరుగుతూ 3,207 మీటర్ల దగ్గర ఉన్న విడిది గృహాలకు చేరుతుంది. పక్కపక్కన ఉన్న ఈ రెండింటిలో పాతది ఫ్రెంచ్ ఆల్పైన్ క్లబ్ వారిది, 1938 నాటిది. రెండోది లె ముఫ్లాన్. ఇమ్లిల్ నుంచి ఇక్కడికి అయిదారు గంటల నడక. మర్నాడు తెల్లవారకముందే తలదీపాలతో బయలుదేరి మూడు నాలుగు గంటల్లో శిఖరం చేరి, మళ్ళీ విడిదికి, అక్కడి నుంచి ఇమ్లిల్‌కు, చీకటిపడే వేళకు మరకేష్‌కు రావాలన్నది రెండు రోజుల లెక్క.

ఈ లెక్కలో శరీరానికి పడే భారం ఇలా ఉంటుంది. ఉదయం 460 మీటర్ల ఎత్తున నిద్రలేచిన మనిషి ఆ రాత్రి 3,207 మీటర్ల ఎత్తున పడుకుంటాడు. గాలి ఒత్తిడి, దానితోపాటు ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు, విడిది దగ్గర సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. శిఖరం మీద దాదాపు 60 శాతం. తగ్గిన ప్రాణవాయువును భర్తీ చేయడానికి శరీరం వేగంగా ఊపిరి తీస్తుంది. దానివల్ల బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. క్షారగుణం పెరిగితే ఊపిరి తగ్గించమని మెదడు ఆదేశిస్తుంది. మేలుకుని ఉన్నప్పుడు పెద్దగా తెలియకపోయినా, నిద్రలో ఈ రెండు ఆదేశాలూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. కాసేపు ఊపిరి ఆగిపోయినట్లై, ఉలిక్కిపడి లేచి, గబగబా గాలి పీల్చుకోవడం మొదటి రాత్రి చాలామందికి ఎదురవుతుంది. మూత్రపిండాలు అదనపు బైకార్బొనేట్ అనే క్షార లవణాన్ని విసర్జించి రక్తాన్ని సరిచేస్తేనే శ్వాస కుదుటపడుతుంది. ఆ పనికి ఒక రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. రెండు రోజుల ప్రణాళికలో ఆ మొదటి రాత్రి ముగియకముందే శిఖరానికి నడక మొదలవుతుంది.

మూడు వేల మీటర్లు దాటాక నిద్రించే చోటును రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదన్నది వైద్యులు సాధారణంగా చెప్పే సూత్రం. టుబ్కాల్ విడిది ఆ గీతకు కొంచెమే పైన ఉంది, శిఖరం మీద ఎవరూ పడుకోరు. అందువల్ల సూత్రం ఉల్లంఘించినట్లు పైకి కనిపించదు. కానీ ఆ సూత్రం అంతకు ముందు మధ్యస్థమైన ఎత్తులో కొన్ని రాత్రులు గడిచాయనుకుని చెప్పినది.

తెలుగు యువత ఎక్కువగా వెళ్ళే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌తో పోలిస్తే తేడా స్పష్టమవుతుంది. కేదార్‌కంఠ శిఖరం సుమారు 3,800 మీటర్లు, అంటే టుబ్కాల్ కంటే తక్కువ. అయినా అక్కడ సంక్రీలో ఒక రాత్రి, జుడా కా తాలాబ్ దగ్గర ఒక రాత్రి, బేస్ క్యాంపులో మరో రాత్రి గడిపాకే శిఖరానికి తీసుకువెళతారు. శరీరం మెట్టు మెట్టుగా సర్దుకుంటుంది. ఎక్కువ ఎత్తున్న టుబ్కాల్‌కు తక్కువ రాత్రులు కేటాయించడానికి వైద్యపరమైన కారణమేదీ లేదు. మరకేష్ దగ్గరగా ఉండడం, వారాంతపు పర్యాటకులకు సమయం తక్కువగా ఉండడమే కారణాలు. ఆ తొందర మూల్యం చెల్లించేది మాత్రం కొండ ఎక్కేవారే.

దిద్దుబాటు కష్టమేమీ కాదు. ఇమ్లిల్‌లోనో అరూమ్ద్‌లోనో ముందుగా ఒక రాత్రి గడపడం కనీస మార్పు. సమయం ఉన్నవారికి అంతకంటే మేలైన దారి ఉంది. ఇమ్లిల్ నుంచి పడమటగా తిజి న్‌మ్జిక్ అనే కనుమ దాటి, అజీబ్ తమ్సూల్త్ వద్ద రాత్రి ఆగి, మర్నాడు సుమారు 3,560 మీటర్ల ఎత్తున్న తిజి న్‌అగెల్‌జిమ్ ఎక్కి అటువైపు విడిది గృహానికి దిగడం ఆ దారి. పగలు ఎక్కువ ఎత్తుకు ఎక్కి, రాత్రి తక్కువ ఎత్తులో పడుకోవడమనే పాత పర్వతారోహకుల పద్ధతి దీనిలో తనంతట తానే అమలవుతుంది. మూడో నాటి ఉదయం శిఖరానికి బయలుదేరే సమయానికి మూత్రపిండాలు తమ పనిలో సగమైనా ముగించి ఉంటాయి.

అసిటజోలమైడ్ అనే మాత్ర ఇదే విసర్జనను త్వరపెడుతుంది. వైద్యుని సలహా లేకుండా దాన్ని వాడరాదు; సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇక తలనొప్పి, వికారం మొదలైనప్పుడు నొప్పి మాత్ర వేసుకుని పైకి నడవడం అన్నింటికంటే ప్రమాదకరమైన పొరపాటు. మాట తడబడడం, గీత మీద నడిచినట్లు నేరుగా నడవలేకపోవడం, కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం కనిపిస్తే అది మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతోందనడానికి సూచన. అప్పుడు వెంటనే కిందికి దింపడమే వైద్యం. టుబ్కాల్‌కు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది: విడిది నుంచి రెండు గంటలు దిగితే సిదీ శమ్‌హరూష్ చేరుకోవచ్చు, దాదాపు 900 మీటర్లు తగ్గుతుంది.

ఏ నెలలో వెళితే ఏ కొండ

టుబ్కాల్ ఒకే కొండ అయినా నెలను బట్టి రెండు వేర్వేరు యాత్రలుగా మారుతుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమగాలులు శీతాకాలంలో హై అట్లాస్ ఉత్తర వాలుల మీద మంచుగా కురుస్తాయి. దక్షిణ వాలులు వర్షచ్ఛాయలో పొడిగా మిగులుతాయి. నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా, కొన్ని ఏళ్ళలో మే మొదటి వారాల వరకు, పై దారి మంచుతో నిండి ఉంటుంది. ఆ కాలంలో బూట్లకు బిగించే ఇనుప కోరల క్రాంపాన్లు, మంచు గొడ్డలి ఉండాలి, వాటిని వాడడం తెలిసి ఉండాలి. పగటి ఎండకు మెత్తబడ్డ పైపొర రాత్రికి గడ్డకట్టి తెల్లవారుజామున రాయిలా ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే శిఖరానికి వెళ్ళేవారు దాని మీద అడుగుపెడతారు. మామూలు ట్రెక్కింగ్ బూట్లతో అక్కడ జారితే ఆగడానికి పట్టు దొరకదు. మంచు గొడ్డలి మొనను వాలులోకి దించి, దాని మీద బరువు వేసి జారుడు ఆపడం మరకేష్‌లో సామాను అద్దెకు తీసుకుంటే వచ్చే విద్య కాదు. విడిది గృహం దగ్గరి వాలు మీద గైడ్ సమక్షంలో అరపూటైనా సాధన చేయాలి. అది చేసినవారికి మాత్రం శీతాకాలం ఒక మేలు చేస్తుంది: జారే రాళ్ళన్నీ మంచు కింద కప్పబడి, నడక వేసవి కంటే తేలికవుతుంది. ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల దిగువకు పోవడం మామూలే, గాలి దానికి తోడవుతుంది. కంచరగాడిదలు మంచు మొదలయ్యే చోట ఆగిపోతాయి కాబట్టి ఆపైన సామాను మనుషులే మోయాలి. ఖర్చు అంచనాలో దీన్ని మరచిపోతుంటారు.

జూలై, ఆగస్టు నెలల్లో చిక్కు వేరు. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి మరకేష్ 40 డిగ్రీలతో ఉడుకుతున్నప్పుడు కూడా శిఖరం మీద పగలు 15 డిగ్రీలకు మించకపోవచ్చు. ఎండ కంటే భయపడవలసింది మధ్యాహ్నపు ఉరుముల వానకు. వేడెక్కిన గాలి కొండల మీదుగా ఎగసి మేఘమై కురిస్తే, చెట్టూ చేమా లేని రాతి వాలులు ఆ నీటిని ఇంకనివ్వవు, నిమిషాల్లో లోయలోకి వదిలేస్తాయి. 1995 ఆగస్టు 17న పొరుగున ఉన్న ఊరికా లోయలో ఇలా వచ్చిన మెరుపు వరదకు 200 మందికి పైగా బలయ్యారు. ఇమ్లిల్ కూడా ఆ రోజు దెబ్బతింది. ఏటి గర్భంలో డేరా వేయకూడదనీ, వేసవిలో మధ్యాహ్నానికల్లా శిఖరం నుంచి దిగివచ్చేయాలనీ స్థానికులు పట్టుపట్టడం వెనుక ఈ జ్ఞాపకం ఉంది.

రెండింటికీ మధ్య మిగిలేవి మే రెండో భాగం, జూన్, సెప్టెంబరు, అక్టోబరు. అందులోనూ ఒక మెలిక ఉంది. చాంద్రమానం ప్రకారం వచ్చే బక్రీద్ ప్రతి ఏడాదీ దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో మే చివరి వారంలో, 2027లో మే మధ్యలో పడుతుంది. అంటే సరిగ్గా మంచి ట్రెక్కింగ్ కాలంలో. మొరాకో కుటుంబాలకు అది ఏడాదిలోకెల్లా పెద్ద పండుగ. గైడ్లు, వంటవాళ్ళు, కంచరగాడిదల యజమానులు నాలుగైదు రోజులు ఇళ్ళకు వెళతారు, దారి దుకాణాలు మూతపడతాయి. రంజాన్ నెలలో యాత్రలు జరుగుతాయి గాని, పగలంతా మంచినీళ్ళయినా ముట్టని గైడ్‌తో నడుస్తున్నామన్న ఎరుక బృందానికి ఉండాలి. నడక వేగం, బయలుదేరే వేళ ఆయన చెప్పినట్లు సాగడం మర్యాద, క్షేమం కూడా.

గైడ్ నిబంధన వెనుక కథ

2018 డిసెంబరులో ఇమ్లిల్ పైన, టుబ్కాల్ దారిలో గుడారం వేసుకున్న ఇద్దరు స్కాండినేవియా యువతులను తీవ్రవాదులు హత్య చేశారు. దశాబ్దాలుగా ఏ భయమూ లేకుండా పర్యాటకులు తిరిగిన లోయ అది. ఆ ఘటన తర్వాత దారి పొడవునా తనిఖీ కేంద్రాలు వెలిశాయి. పాస్‌పోర్టు వివరాలు నమోదు చేసుకుంటారు, గుర్తింపు కార్డు ఉన్న గైడ్ లేనివారిని శిఖరం వైపు పోనివ్వరు. హై అట్లాస్‌లో అన్ని లోయల్లోనూ ఈ నియమం ఇంత కట్టుదిట్టంగా లేదు. టుబ్కాల్ దారిలో మాత్రం మినహాయింపు ఆశించి వెళ్ళడం వృథా.

దీని ఫలితాలు రెండు వైపులా ఉన్నాయి. సొంతంగా పటం పట్టుకుని నడవాలనుకునే అనుభవజ్ఞులకు ఇది స్వేచ్ఛను తగ్గించింది, ఖర్చు పెంచింది. మరోవైపు, తెల్లవారుజామున చీకట్లో రాళ్ళ వాలు మీద దారి తప్పడం, ఎత్తు జబ్బును గుర్తించకపోవడం వంటి ప్రమాదాలను గైడ్ ఉనికి తగ్గిస్తుంది. భద్రత కోసం పెట్టిన నియమం ఆరోగ్యరక్షణకు ఎక్కువగా ఉపకరిస్తోందనడం సబబు. అయితే ఆ మేలు దక్కేది శిక్షణ పొందిన గైడ్ దొరికినప్పుడే. మొరాకోలో పర్వత గైడ్లకు ఆయిత్ బూగెమెజ్ లోయలోని తబాంత్ గ్రామంలో ప్రత్యేక శిక్షణ కేంద్రం ఉంది. పరీక్షలో నెగ్గినవారికి ప్రభుత్వ కార్డు ఇస్తారు. మరకేష్ వీధుల్లో చవకగా తీసుకువెళతామని వెంటపడేవారి దగ్గర ఆ కార్డు ఉండదు. డబ్బు చెల్లించకముందే కార్డు చూపమని అడగడంలో మొహమాటపడవలసిందేమీ లేదు.

భూకంపం తర్వాత

2023 సెప్టెంబరు 8 రాత్రి పదకొండు దాటాక, ఇమ్లిల్ ఉన్న అల్ హౌజ్ ప్రాంతంలో 6.8 తీవ్రతతో భూమి కంపించింది. కొండలను పైకి లేపిన ఒత్తిడే ఆ రాత్రి మరోసారి బయటపడింది. దాదాపు మూడు వేల మంది చనిపోయారు. రాయి, మట్టితో కట్టిన మందపాటి గోడలు ఎండకు, చలికి ఎంత బాగా తట్టుకుంటాయో పక్కలకు ఊగే కుదుపుకు అంతగానూ లొంగిపోతాయి; వాటిమీద బరువైన మట్టి కప్పులు. జనం నిద్రపోయే వేళ కావడంతో ప్రాణనష్టం పెరిగింది. పూర్తిగా కూలిన ఇంటికి 1,40,000 దిర్హాములు, పాక్షికంగా దెబ్బతిన్నదానికి 80,000 దిర్హాములు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఇమ్లిల్, అస్ని ప్రాంతాల్లోనూ ఇళ్ళు కూలాయి, చాలా కుటుంబాలు డేరాల్లో శీతాకాలం గడిపాయి. నడక దారులు మాత్రం అంతకంటే ముందే తెరుచుకున్నాయి.

ఇలాంటి ప్రాంతానికి విహారానికి వెళ్ళడం తగునా అన్న ప్రశ్న చాలామందికి కలిగింది. దానికి జవాబు లోయలో డబ్బు ఎలా తిరుగుతుందో చూస్తే దొరుకుతుంది. ఇక్కడ సాగుభూమి అంటే కొండ అంచున కట్టిన సన్నని మెట్ల పొలాలే. అక్రోటు, యాపిల్, చెర్రీ చెట్లు, కాస్త బార్లీ. ఆ రాబడితో ఏడాది గడవదు. నలుగురు ట్రెక్కర్ల బృందం వస్తే ఒక గైడ్‌కు, ఒక వంటమనిషికి, ఇద్దరు ముగ్గురు కంచరగాడిదల యజమానులకు, రాత్రి బసకు గదులిచ్చే ఒకటి రెండు ఇళ్ళకు పని దొరుకుతుంది. ఒక్కో కంచరగాడిద వీపు మీద జంట గంపల్లో గ్యాస్ బండ, బంగాళాదుంపలు, గుడారాలు సర్దుకుని మనుషుల కంటే రెండు గంటలు ముందుగా విడిదికి చేరిపోతుంది. ఇల్లు కట్టుకోవడానికి ఆ యజమాని తెచ్చుకోవలసిన సిమెంటు బస్తాలు మోసేది కూడా అదే. మరకేష్‌లోని పెద్ద ఏజెన్సీకి మొత్తం సొమ్ము కట్టడం కంటే ఇమ్లిల్‌లోని గైడ్ల కార్యాలయంతో నేరుగా మాట్లాడుకుంటే ఈ చేతులకు ఎక్కువ వాటా చేరుతుంది.

భారత్ నుంచి వెళ్ళేవారి ఏర్పాట్లు

భారతీయ పాస్‌పోర్టుకు మొరాకో వీసా తప్పనిసరి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఢిల్లీలోని మొరాకో రాయబార కార్యాలయం వివరాలను చూసుకున్నాకే టికెట్లు కొనడం మంచిది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. గల్ఫ్ నగరాల మీదుగానో ఐరోపా మీదుగానో కాసాబ్లాంకా చేరి, అక్కడి నుంచి రైల్లో మరకేష్ వెళ్ళడం వాడుకలో ఉన్న మార్గం. మరకేష్ నుంచి ఇమ్లిల్ వైపు గ్రాండ్ టాక్సీలు దొరుకుతాయి; మన షేర్ ఆటోల మాదిరిగా సీట్లు నిండాకే కదులుతాయి. దిర్హామ్ దేశం బయట సులువుగా దొరికే కరెన్సీ కాదు. కొండ మీద కార్డులు నమ్ముకోలేం కనుక మరకేష్‌లోనే చాలినంత నగదు తీసుకోవాలి. అనుమతి లేకుండా డ్రోన్ తెస్తే విమానాశ్రయంలోనే స్వాధీనం చేసుకుంటారు.

అన్నింటికంటే ఎక్కువగా పొరపడేది బీమా దగ్గర. సాధారణ ప్రయాణ బీమాల్లో ట్రెక్కింగ్‌కు ఎత్తు పరిమితి ఉంటుంది. కొన్నింటిలో 3,000 మీటర్లు, కొన్నింటిలో 4,000. నాలుగు వేల పరిమితి ఉన్న పాలసీ టుబ్కాల్ శిఖరానికి 167 మీటర్ల ముందే ఆగిపోతుంది. కాలు విరిగే ముప్పు ఆ చివరి రాళ్ళ వాలు దిగేటప్పుడూ ఉంటుంది. శాకాహారులకు భోజనం బెంగ అక్కర్లేదు: మట్టి మూకుడులో మగ్గిన కూరగాయల తాజీన్, పప్పుగింజలు, రొట్టె అన్ని విడిదుల్లోనూ ఉంటాయి. హరీరా అనే సూప్‌లో మాత్రం మాంసం ఉండవచ్చు, ముందే అడగాలి. వాగు నీళ్ళు ఎంత తేటగా కనిపించినా పైన మందలు మేస్తుంటాయి కనుక శుద్ధి చేయకుండా తాగరాదు.

టుబ్కాల్ ఒక్కటేనా

ఎత్తు అనే ఒక్క కొలమానాన్ని పక్కన పెడితే, హై అట్లాస్‌లో నడకకు టుబ్కాల్ కంటే మంచి చోట్లు ఉన్నాయి. విడిది పక్కనే ఉన్న వనూక్రిమ్ జంట శిఖరాలు 4,080 మీటర్లు దాటి ఉన్నా అక్కడికి వెళ్ళేవారు కొద్దిమందే. తూర్పున సుమారు 4,070 మీటర్ల ఎమ్‌గూన్ మరో తరహా యాత్ర. పచ్చని ఆయిత్ బూగెమెజ్ లోయలో 1,800 మీటర్ల దగ్గర మొదలై, మూడు వేల మీటర్లకు చేరువలో ఉన్న తర్కెద్దిత్ మైదానంలో రాత్రి ఆగి, పొడవాటి గట్టు వెంట శిఖరం చేరి, అటువైపు లోతైన గండ్లలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుస్తూ గులాబీ తోటల లోయలోకి దిగుతుంది. అయిదారు రోజులు పడుతుంది, ఆ రోజుల్లోనే శరీరం ఎత్తుకు అలవాటుపడుతుంది. నాలుగు వేల మీటర్ల శిఖరం మొదటిసారి ఎక్కేవారికి, వారం సెలవు ఉంటే, ఎమ్‌గూన్ మేలైన ఎంపిక.

తెలుగు రాష్ట్రాల్లో విద్యార్థులకు, ఉపాధ్యాయులకు దొరికే వేసవి సెలవులు మే నెలతో చక్కగా కలుస్తాయి. బక్రీద్ తేదీ ఒక్కటి చూసుకుంటే చాలు. సంక్రాంతి సెలవులకు, అమెరికా, బ్రిటన్‌లలో ఉన్నవారి డిసెంబరు సెలవులకు మాత్రం టుబ్కాల్ సరిపడదు, మంచులో నడక నేర్చినవారికి తప్ప. ఆ నెలల్లో హై అట్లాస్‌కు దక్షిణాన ఉన్న జబల్ సఘ్రో వైపు చూడాలి. అక్కడి అత్యున్నత శిఖరం 2,712 మీటర్లే. రాత్రులు గడ్డకట్టే చలి ఉన్నా, పగళ్ళు పొడిగా, ఎండగా, నల్లని రాతి స్తంభాల మధ్య సాగుతాయి. ఆయిత్ అత్తా తెగ కాపరులు తరతరాలుగా తమ మందలను వేసవిలో హై అట్లాస్ పచ్చికలకు తోలుకెళ్ళి, మంచు పడే ముందు ఈ సఘ్రో కొండలకే మళ్ళిస్తారు. డిసెంబరులో అక్కడికి వెళ్ళేవారికి దారి పొడవునా ఆ గుడారాలు, వాటి చుట్టూ రాతి దొడ్లలో కట్టేసిన మేకలు కనిపిస్తాయి.